నెగడు ముందు, ముసుగు తరవాత

సంపాదకులకు,

నమస్కారం. జనవరి మూడో వారంలో మీ అంతర్జాతీయ వార్తల పేజీలో ఇటలీలోని సార్డినియా ద్వీపం నుంచి వచ్చిన ఫొటో ఒకటి వేశారు. నల్ల కొయ్య ముసుగులు, గొర్రెతోళ్లు, వీపు నిండా గంటలతో కొందరు మగవాళ్లు పెద్ద నెగడు పక్కన నిలబడి ఉన్నారు. కింద "ఇటలీలోనూ భోగి! దెయ్యాల వేషాలతో గ్రామస్తుల సందడి" అని రాశారు. ఆ ఫొటో మమోయాదా అనే కొండ పల్లెది. మీ వ్యాఖ్య చదివినవాళ్లకు అదేదో వేషాల సంబరమనీ, చలి కాచుకోవడానికి పక్కన మంట వేశారనీ అనిపిస్తుంది. ఉన్నది అందుకు పూర్తిగా తిరగబడి ఉంది. అక్కడ పండగ అంటే నెగడు. ముసుగువాళ్లు దాని దగ్గరికి వచ్చే అతిథులు. ఈ తేడా తెలియాలంటే ఆ పండగలో ఎవరు ఏ పని ఎలా చేస్తారో చెప్పాలి. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగైంది.

మమోయాదా సార్డినియా నడిమధ్యన బార్బాజియా అనే కొండసీమలో ఉంది. ఎత్తు దాదాపు 650 మీటర్లు, జనాభా సుమారు రెండున్నర వేలు. గొర్రెలు, ద్రాక్షతోటలు వాళ్ల బతుకుదెరువు. ఏటా జనవరి 16 సాయంత్రం మొదలై 17న సాగే పండగ పునీత అంతోనివారిది. మన కతోలిక పాఠకులకు ఆ పేరు వినగానే బాలయేసును ఎత్తుకున్న పాదువా అంతోనివారు గుర్తొస్తారు. ఆయన పండగ జూన్ 13న. ఈయన వేరు. మూడో శతాబ్దంలో ఐగుప్తులో పుట్టి, ఎడారిలో ఒంటరిగా తపస్సు చేసి, 356లో కన్నుమూసిన మఠాధిపతి అంతోని. పశువులను కాచే పునీతుడని పేరు. చిత్రపటాల్లో ఆయన కాళ్ల దగ్గర పంది, చేతికర్రకు గంట, ఒక్కోసారి మంట కూడా కనిపిస్తాయి.

ఈ మూడూ ఎక్కడివో చరిత్రలోనే ఉంది. పదకొండో శతాబ్దం చివర ఫ్రాన్సులో ఈయన పేరిట ఒక వైద్య సేవకుల సంఘం ఏర్పడింది. శిలీంధ్రం సోకిన రై ధాన్యం తిన్నవాళ్లకు ఒళ్లంతా మంటలు పుట్టి కాళ్లూ చేతులూ కుళ్లిపోయే జబ్బు వచ్చేది. దాన్ని జనం 'అంతోనివారి మంట' అనేవారు. ఆ సేవకులు రోగుల పుండ్లకు పందికొవ్వు రాసేవారు. వాళ్ల పందులు మెడలో గంటతో వీధుల్లో స్వేచ్ఛగా తిరిగేవి, గంట ఉన్నదాన్ని ఎవరూ తరిమేవారు కాదు.

సార్డినియా కాపరులు మాత్రం తమదైన కథ ఒకటి చెప్పుకుంటారు. లోకంలో నిప్పు లేక జనం చలికి వణుకుతుంటే అంతోని తన పందిని వెంటబెట్టుకుని నరకం వాకిలికి వెళ్లాడట. పంది లోపల దూరి నానా బీభత్సం చేసింది. దాన్ని పట్టుకుపొమ్మని దయ్యాలే ఆయన్ను లోనికి పిలిచాయి. ఆయన చేతిలోది ఫెరులా కర్ర. కొనను నిప్పులో గుచ్చి, ఏమీ ఎరగనట్టు బయటికొచ్చి, లోకానికి నిప్పు పంచాడు. ఈ కథలో కర్ర ఎంపిక ఊరికే చేసింది కాదు. ఫెరులా ఆ ద్వీపంలో మేతబీళ్లన్నిటా పెరిగే పెద్ద మొక్క. ఎండిన కాడకు పైన గట్టి బెరడు, లోపల మెత్తని బెండు ఉంటాయి. బెండుకు నిప్పంటుకుంటే మంట లేవకుండా లోలోపల నెమ్మదిగా రాజుకుంటూ పోతుంది. పైబెరడు చెక్కుచెదరదు. నిప్పు దాచుకుని తీసుకుపోవడానికి అంతకన్నా మంచి కర్ర దొరకదు.

ఇక నెగడు సంగతి. ఊరంతటికీ ఒక్క నెగడు కాదు, పేటకొకటి. ముప్పైకి అటూ ఇటూగా పడతాయి. ప్రతి నెగడుకూ ఆ పేటవాళ్లే పూచీ. కట్టెలు తేవడం, పేర్చడం, రాత్రంతా కాపలా కాయడం, వచ్చినవాళ్లకు తినడానికీ తాగడానికీ చూడడం అంతా వాళ్ల మీదే. చర్చి ముందు వేసే నెగడు ఒక్కటే ఊరుమ్మడిది.

అందులో పడే కట్టె ముఖ్యంగా వేరు మొద్దులు, లావు దుంగలు. కారణం ఉంది. నెగడు 16 సాయంత్రం అంటుకుంటే 17 రాత్రి దాకా నిలవాలి. చితుకులూ రెమ్మలూ వేస్తే మంట మేడెత్తు లేస్తుంది, గంటలో బూడిదవుతుంది. మొద్దుకు బరువు ఎక్కువ, గాలి సోకే పైభాగం తక్కువ. అందుకే తాపీగా కాలుతుంది. అక్కడి కొండల్లో పెరిగే ఓక్ జాతుల కట్టె మహా గట్టిది, కణకణలాడే బొగ్గు ఇస్తుంది. కార్క్ ఓక్ మాత్రం ఇష్టం వచ్చినట్టు నరకడానికి వీల్లేదు. సార్డినియా ప్రాంతీయ చట్టం ప్రకారం ముందు అనుమతి తీసుకోవాలి.

పచ్చికట్టె తెస్తే పండగ పొగలో కలిసిపోతుంది. అప్పుడే కొట్టిన మానులో సగానికి దగ్గరగా నీటి బరువే ఉంటుంది. నిప్పు వేడి ఆ నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. మంట లేవదు, పొగ నేలబారున పాకి ఇళ్లలోకి దూరుతుంది. అందుకే మొద్దులను ముందుగా తవ్వి తెచ్చి ఆరబెట్టాలి. వేర్ల సందుల్లో ఇరుక్కున్న మట్టీ రాళ్లూ రాల్చడం మరో ముఖ్యమైన పని, చాలామంది బద్ధకించే పని కూడా. తడి ఇంకిన రాయి నిప్పులో పడితే లోపలి నీరు ఆవిరై బయటికి దారిలేక రాయినే పగలగొడుతుంది. ఆ ముక్కలు చుట్టూ చలి కాచుకునేవాళ్ల మీదికి ఎగురుతాయి.

పేర్చడంలో ఒక క్రమం ఉంటుంది. ముందుగా నేలమీద ఇసుకో మట్టో జానెడు మందాన పరవాలి. లేకపోతే తారు మెత్తబడి కట్టెతో పాటు లేచి వస్తుంది, రాతి పలకలైతే వేడికి పెళుసుబారి పైపొర రాలిపోతుంది. మట్టి మీద రెండు లావు దుంగలను ఎడంగా పడుకోబెట్టి, వాటి మీద అడ్డంగా మరికొన్ని పేర్చాలి. ఆ ఎడం నెగడుకు ఊపిరి. గాలి కింది నుంచి లాగకపోతే నడుమ నల్లబడి ఆరిపోతుంది. ఎండు చితుకులు గాలి వచ్చే వైపు అడుగున పెట్టాలి. పెద్ద మొద్దులను వేర్లు లోపలికి ఉండేలా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టాలి. కాలే కొద్దీ అవి లోపలికే ఒరగాలి, వీధిలోకి దొర్లకూడదు. రాత్రి కాపలా ఉండేవాళ్లకు అసలు పని ఇదే. మొద్దు ఎటు ఒరుగుతోందో కనిపెట్టి, పొడుగు కర్రతో ముందే లోపలికి నెట్టాలి.

వాయవ్యం నుంచి వీచే మయెస్త్రాలె గాలి సార్డినియాలో పేరుమోసింది. అది లేచిన రాత్రి నెగడు చిన్నగా ఉంచాలి, రెమ్మలూ ఆకులూ అసలు వేయకూడదు. ఎగిరే రవ్వలన్నీ వాటి నుంచే. సందు ఇరుకైతే చూరూ కరెంటు తీగా ఎంత దూరంలో ఉన్నాయో చూసుకుని నెగడు ఎత్తు నిర్ణయించుకోవాలి. జాగా ఎంతుందో దాన్ని బట్టి నెగడు. పక్క పేట నెగడు ఎంత ఎత్తుందో చూసి పోటీకి పోతే ప్రమాదమే.

మీరు 'ఇటలీలోనూ భోగి' అన్న మాటకు ఇక్కడ జవాబు చెప్పాలి. తేదీలు దగ్గరే, చలీ ఒక్కటే, ఆ పోలిక తోచడం సహజమే. కాని భోగికి ఇంట్లో పాతబడినవి మంటలో వేస్తాం. మమోయాదాలో నెగడు కోసమే కొట్టి ఎండబెట్టిన కట్టె వేస్తారు. రెండు రోజుల పాటు జనం దాని చుట్టూ కూర్చుంటారు, తింటారు. రంగేసిన చెక్క, ప్లాస్టిక్ వేస్తే ఆ పొగ వాళ్ల ఊపిరితిత్తుల్లోకీ తిండిలోకీ పోతుంది. పారేసే మంట వేరు, పక్కన కూర్చునే మంట వేరు.

16 సాయంత్రం ప్రార్థన అయ్యాక గురువు చర్చి ముందున్న నెగడును దీవిస్తారు. పునీతుడి విగ్రహంతో దాని చుట్టూ మూడుసార్లు తిరుగుతారు, వెనక జనం నడుస్తారు. ఆ దీవించిన నెగడు నుంచి కొరివి పట్టుకెళ్లి తమ పేట నెగడు అంటించుకోవడం ఆచారం. లైటరుతో అంటించినా కట్టె కాలుతుంది. కాని అప్పుడది ఆ పేట మంటే అవుతుంది తప్ప పండగ నెగడు కాదు. సన్నటి కొరివి దూరం మోస్తే దారిలోనే ఆరుతుంది. చేతి లావున్న గట్టి కట్టె, ఒక జానెడు మేర బాగా కణకణలాడేది తీసుకోవాలి. లేదా ఇనప బాల్చీలో బూడిద పరిచి, దాని మీద నిప్పుకణికలు పోసి మళ్లీ పలచగా బూడిద కప్పి తీసుకెళ్లాలి. చేరాక ఒక్క ఊదు ఊదితే చాలు.

ఆ రాత్రి ఊరంతా నెగడు నుంచి నెగడుకు తిరుగుతుంది. ప్రతిచోటా కన్నొనావు అనే ఎర్ర ద్రాక్షసారా, పోపస్సినోస్ అనే ఎండుద్రాక్ష బిస్కెట్లూ పెడతారు. గోధుమపిండి, పందికొవ్వు, ఎండుద్రాక్ష, బాదం, అక్రోటు వాటిలో పడే సరుకులు. నల్లటి రకంలో సాపా కలుపుతారు. అంటే తాజా ద్రాక్షరసాన్ని మూడో వంతుకు వచ్చేదాకా సన్నమంట మీద మరిగించిన పాకం. మంట పెంచితే అడుగంటి చేదెక్కుతుంది, ఆ చేదు తరవాత ఎంత తీపి కలిపినా పోదు. పక్క పేట మనిషైనా, పరదేశి అయినా గ్లాసు ఇవ్వకుండా పంపరు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. తాగనివాళ్లు బిస్కెట్ అయినా తీసుకోవాలి.

ఇంతవరకూ ముసుగు ఊసే లేదని గమనించండి. మొదటి రోజంతా నెగడుదే. 17 మధ్యాహ్నం దాటాక మముథోనెస్, ఇస్సొహదోరెస్ అనే రెండు రకాల వేషగాళ్లు బయలుదేరతారు. ఆ ఏడాదికి అదే వాళ్ల తొలి నడక. పేట పేటకూ వెళ్లి ఒక్కో నెగడు చుట్టూ ఆడతారు. ఊళ్లో ఈ వేషాలు కట్టే సంఘాలు రెండున్నాయి.

మముథోనె వేషంలో అందరి కన్నూ ముసుగు మీద పడుతుంది. అసలు బరువంతా వీపు మీద ఉంటుంది. దాన్ని కర్రిగా అంటారు. తోలు పటకాలకు గుచ్చిన పశువుల గంటల మోపు, 20 నుంచి 30 కిలోలు తూగుతుంది. రొమ్ము మీద చిన్న గంటల గుత్తి ఒకటి వేరే ఉంటుంది. వీపు గంటలకు నాలుకలు పశువుల ఎముకతో చేస్తారు. ఇనప నాలుక కీచుమని దూరం దాకా వినిపిస్తుంది, ఎముక నాలుక గుండె అదిరేలా బొంగురుగా మోగుతుంది. ఈ తేడా వినకపోతే ఈ పండగ సగమే చూసినట్టు.

కర్రిగా ఒక్కడు కట్టుకోలేడు. మనిషి కాస్త ముందుకు వంగి నిలబడితే ఇద్దరు వెనక చేరి పటకాలను భుజాల మీదుగా, చంకల కింద నుంచి లాగి బిగిస్తారు. ఊపిరి కష్టమయ్యేంత బిగువు ఉండాలి. చూసేవాళ్లకు క్రూరంగా తోస్తుంది గాని వదులు కట్టే ఎక్కువ ప్రమాదం. వదులైన మోపు ప్రతి అడుగుకూ వెన్నెముక మీద దెబ్బ వేస్తుంది, ఒకే పక్కకు జారి భుజాన్ని కోస్తుంది. పైగా మోత చెడుతుంది. మనిషి నేలను తాకిన క్షణానికి కాక ఒక అర క్షణం ఆలస్యంగా గంట మోగుతుంది. పన్నెండు మందిలో ఒక్కడి కట్టు వదులైతే మొత్తం వరుస మోత చెదిరిపోతుంది. కింద నల్ల గొర్రెతోలు ఉండేది చలికే కాదు, పటకాకూ ఒంటికీ మధ్య మెత్తగా అడ్డం ఉండడానికి కూడా. వాన పడితే ఆ ఉన్ని నీళ్లు పీల్చి ఇంకా బరువెక్కుతుంది. పండగయ్యాక సరిగా ఆరబెట్టకుండా మడతపెడితే బూజు పట్టి బొచ్చు ఊడిపోతుంది.

ముసుగును అడవి బేరి, అంజూర, చెస్ట్‌నట్ లాంటి కట్టెలతో చెక్కి నలుపు చేస్తారు. లోపలివైపు నున్నగా చెక్కడం బయటి రూపం కన్నా కష్టం. నుదురు, దవడ ఎముకల దగ్గర ఏ మాత్రం ఒత్తినా గంటసేపట్లో చర్మం రేగుతుంది. తల మీద టోపీ, మొహానికి ముసుగు, ఆపైన ఆడవాళ్ల ముదురు రంగు తలగుడ్డ వేసి గడ్డం కింద ముడివేస్తారు. కంటి చిల్లులు చిన్నవి కాబట్టి ఎదురుగా తప్ప పక్కకు కనిపించదు. అందుకే ఆ వరుసలకు దారి చూపేవాడు ఒకడు కావాలి.

ఇస్సొహదోరె ఉన్నది అందుకే. అతనిది ఎర్ర చొక్కా, తెల్ల లాగు, తెల్ల ముసుగు, భుజానికి అడ్డంగా చిన్న ఇత్తడి మువ్వల పట్టీ. అతను తేలిగ్గా చురుగ్గా కదులుతూ సైగ చేస్తాడు. మముథోనెస్ రెండు వరుసల్లో వంగి, ఒక భుజాన్ని ముందుకు విసురుతూ బరువుగా అడుగు వేస్తారు. ఒక్క గంట మోగినట్టు అన్నీ కలిసి మోగుతాయి. మధ్యమధ్య సైగ అందగానే అందరూ కలిసి మూడుసార్లు వడిగా ఎగురుతారు. ముసుగులో ఉన్నంతసేపూ మముథోనె నోరు విప్పడు. కేకలు, అరుపులు, భయపెట్టడాలు ఏవీ లేవు. మీరు 'దెయ్యాల సందడి' అని రాసింది ఊరంతా గౌరవంగా చూసే ఈ మౌనం గురించి. ఇది వేల ఏళ్ల నాటి దేవతారాధన అని రాసేవాళ్లూ ఉన్నారు. దానికి గట్టి రాత ఆధారం లేదు. దెయ్యాలన్న మాటకూ అంతే.

ఆ గంటల గురించి ఇంకొంత చెప్పాలి, ఎందుకంటే అవి మమోయాదాలో తయారు కావు. అదే బార్బాజియాలో తొనారా అనే మరో కొండ ఊరు తరతరాలుగా పశువుల గంటలకు పెట్టింది పేరు. ఇనప రేకును కత్తిరించి, గుంటలు తొలిచిన రాయి మీద సమ్మెటతో కొట్టి వంపు తెస్తారు. అంచులు కలిపి మడిచాక ఇత్తడి ముక్కలు చేర్చి, మొత్తాన్ని గడ్డి కలిపిన బంకమట్టితో కప్పి కొలిమిలో పెడతారు. ఇత్తడి 900 డిగ్రీలు దాటాక కరిగి రేకు మీదా సందుల్లోనూ పాకుతుంది. ఇనుము కరగాలంటే 1,500 డిగ్రీలు దాటాలి కాబట్టి రేకుకు ఏమీ కాదు. చల్లారాక మట్టి పగలగొట్టి, అంచును సుత్తితో కొంచెం కొంచెంగా కొడుతూ నాదం సరిచేస్తారు. మట్టిపూత ఎక్కడైనా బీటలు వారితే ఇత్తడి బయటికి కారిపోతుంది. ఆ అతుకు దగ్గర గంట చప్పగా మోగుతుంది. కాపరికి ఇవి తన మందను చీకట్లో గుర్తుపట్టే గొంతులు. మందలో మోగాల్సినవాటిని మనిషి వీపుకెత్తుకుని, పశువులను కాచే పునీతుడి నెగడు చుట్టూ తిరగడంలో ఉన్న పొందిక ఆ ఊరివాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

వార్తాసంస్థలు ఈ ఫొటోలను తరచు 'కార్నివాల్' అనే పేరుతో పంపుతాయి. మీ డెస్కుకు తిప్పలు అక్కడే మొదలై ఉంటాయి. ఇవే వేషాలు తపస్సుకాలానికి, అంటే ఈస్టరు ముందరి ఉపవాస దినాలకు, ముందు వచ్చే కార్నివాల్ ఆదివారం, మంగళవారం కూడా కడతారు. అప్పుడు నెగళ్లు ఉండవు. ఫొటోలో నెగడు, తేదీ జనవరి 17 అని ఉంటే అది అంతోనివారి పండగే. సందేహం వస్తే మమోయాదాలో 2001లో తెరిచిన మధ్యధరా ముసుగుల మ్యూజియం ఉంది, అడిగి తెలుసుకోవచ్చు. నెగడు ఉన్న ప్రతి ఫొటో మమోయాదాది అనుకోవడం కూడా పొరపాటే. అదే పునీతుడికి సార్డినియాలోనే దొర్గాలి అనే ఊళ్లో రోజ్‌మేరీ రెమ్మలు గుట్టగా పోసి కాలుస్తారు, ఊరంతా ఆ వాసన నిండుతుంది. అబ్బసంత వైపు బోలు పడిన ఓక్ మానును నిలబెట్టి లోపలి నుంచి మండిస్తారు.

యూరప్‌లో చదువుకునే, పనిచేసే తెలుగువాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు కాబట్టి వెళ్లేవారికి కొన్ని మాటలు. దగ్గర్లోని పట్టణం నువోరో నుంచి మమోయాదాకు సుమారు పదిహేను కిలోమీటర్లు. ఊరు చిన్నది, రాత్రి బసకు ముందే చూసుకోవాలి. ఒక్కరోజే వీలైతే చాలామంది ముసుగుల కోసం 17న వెళ్తారు. 16 సాయంత్రం వెళ్తే నెగడు అంటించడం, కొరివి పంచడం చూడవచ్చు, ఊరివాళ్లు మాటకు తీరికగా దొరుకుతారు. నైలాను జాకెట్టు వేసుకోవద్దు, ఒక్క రవ్వ పడినా చిల్లు పడి ఒంటికి అతుక్కుంటుంది. నూలు, ఉన్ని మంచివి. నెగడుకు గాలి వచ్చే వైపు నిలబడితే పొగ మీదికి రాదు. మముథోనెస్ రెండు వరుసల నడుమకు ఫొటో కోసం చొరబడకూడదు. వాళ్లకు పక్కకు కనిపించదని పైనే చెప్పాను. ముప్పై కిలోలు మోస్తూ ఎగిరే మనిషి తగిలితే పడేది ఇద్దరూ. ముసుగును ముట్టుకోవద్దు, మాట్లాడించడానికి చూడవద్దు.

ఇస్సొహదోరె చేతిలో ఉండేది సోహా అనే మోకు, తుంగలాంటి గడ్డితో పేనింది. ఎండితే బిరుసెక్కి విసిరినప్పుడు సాగదు, అందుకే దాన్ని తడిపి పెట్టుకుంటారు. ఆ ఉచ్చును గుంపులోకి విసిరి ఎవరినో ఒకరిని, ఎక్కువగా ఆడవాళ్లను, పట్టి దగ్గరికి లాక్కుంటారు. అది మీ మీద పడితే వెనక్కి గుంజకండి. తడిసిన గడ్డి తాడు అరచేతిని కోస్తుంది. రెండడుగులు ముందుకు వేస్తే ఉచ్చు దానంతట అదే వదులవుతుంది. పట్టుబడడం శుభమని అక్కడివాళ్ల నమ్మకం. పట్టుబడినవాళ్లు అతనికి ఒక గ్లాసు ఇప్పించి విడిపించుకోవడం పాత పద్ధతి.

ఇట్లు,
మీ పాఠకుడు